తాడు

కూనబరాబ్రన్ ఊరి చివర, గ్లెనిస్ ప్రొథెరో పెరట్లో
రేకుల షెడ్డు కప్పు
పట్టాల మీద కిర్రుమంటూ పక్కకి జరుగుతుంది.
మే నెల. ఇక్కడ ఇది చలికి గుమ్మం.
ఉత్తరాన సింహం తలకిందులుగా వేలాడుతోంది,
దాని గుండె దగ్గర మఖ.

నా జన్మ నక్షత్రం.
"మఖలో పుట్టి పుబ్బలో పోయే రకం" అని
మా మేనత్త చూడామణి నవ్వేది,
ఏ పనీ చివరిదాకా చెయ్యనని.
ఆ మాటకి జవాబుగానే కాబోలు,
పగలు మందుల షాపులో మాత్రలు లెక్కబెట్టి
పదకొండేళ్ళుగా రాత్రిళ్ళు
ఈ ఒక్క చుక్కనే చూస్తున్నాను.

కంటికి ఒక్కటే. బల్ల మీది తెర చెప్పేది వేరు.
నింపాదిగా తిరిగే నక్షత్రం తన వెలుగులో
సూదితో గీసినట్టు నల్లగీతలు పంపుతుంది.
మఖ పంపే గీతలు
నిద్రలో నలిపిన కాటుక.
అంత వేగం దానికి.
మన సూర్యుడికి ఇరవై అయిదు రోజుల చుట్టు
దీనికి పదహారు గంటలు.
నడుము ఉబ్బి, నెత్తి అణగి,
ఇంకొంచెం విసురు తగిలితే
అంచులు చిరిగి ఎగిరిపోయేలా ఉంది.

ఎవరు తిప్పారు దీన్ని?

గ్లెనిస్ థర్మాస్ మూత విప్పుతూ చెప్పింది:
నలభై రోజులకొకసారి ఇది
కాస్త ఇటు, కాస్త అటు తూగుతుంది,
పక్కన ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు.
ఆ ఎవరో కనిపించరు.
ఒకప్పుడు ఇద్దరిలో పెద్దది అదే.
ఇప్పుడు టెంక మిగిలింది, గుజ్జంతా ఇటు వచ్చి పడింది.
పడిన ప్రతి గుక్కా పక్కవాటుగా తగిలి
దీన్ని తిప్పింది, తిప్పింది, తిప్పింది.

నాకు మా వీధి బొంగరాలు గుర్తొచ్చాయి.
తాడు చుట్టి, విసిరి, లాగేసేవాళ్ళం.
గుయ్‌మని, కదలనట్టే కనబడుతూ తిరిగే దాని చుట్టూ
అందరం మూగేవాళ్ళం,
దుమ్ములో పడున్న తాడును తొక్కుకుంటూ.

"ఎంత త్యాగం!" అన్నాను.
గ్లెనిస్ కప్పు కింద పెట్టింది.
ఎనభై ఒకటో ఏడు ఆవిడకి. ఈ వెలుగు బయలుదేరినప్పుడు
పాలపళ్ళ పిల్ల.
ఈ షెడ్డూ, ఈ అద్దమూ,
తొమ్మిది వందల రాత్రుల నోటుబుక్కులూ
కిందటేడు నా చేతిలో పెట్టి
తను కుర్చీకి మారింది.
వేళ్ళు వణుకుతాయి, ఫోకస్ నిలవదు.

"త్యాగం లేదు, గాడిదగుడ్డూ లేదు" అంది,
ఇంగ్లీషులో అంతకన్నా మోటు మాటతో.
"అది ఉబ్బింది. పట్టలేకపోయింది. ఒలికింది.
దగ్గర్లో ఇది ఉంది. అంతే."

అంతేనా?
నేనేమీ అనలేదు.
బయట యూకలిప్టస్ కొమ్మల్లో
ముసలాడిలా దగ్గింది ఒక పాసమ్.
ఆవిడ మోకాళ్ళ మీంచి జారిన దుప్పటి సర్దబోతే
"నేనేం టెంకని కాదు" అంటూ
కావాలని మళ్ళీ జార్చింది.

అర్ధరాత్రయ్యేసరికి మఖ
వాయవ్యపు కొండల వెనక్కి దిగిపోయింది.
లాగ్ పుస్తకంలో తెలుగులోనే రాస్తాను, అదో అలవాటు:
"మఖ. గీతలు వెడల్పు. తోడు కనబడలేదు."
చలికి పెన్ను మొండికేసి
తోడు కాస్తా తాడైంది.

గ్లెనిస్ భూతద్దం పెట్టి చూసింది,
కొట్టేసింది దేన్ని, ఎందుకు అని.
రెండు మాటలూ పక్కపక్కన రాసి చూపించాను.
తేడా?
నెత్తిన చిన్న వంపు, అంతే.
చాలాసేపు చూసి
"రెండూ ఉండనీ" అంది.

తర్వాత లేచింది, కుర్చీ చేతుల మీద బరువు మోపి, మెల్లగా.
మూల మేకుకి వేలాడే జనపతాడు
అరచేతికి రెండు చుట్లు చుట్టుకుంది.
షెడ్డు కప్పు మూసే పని మాత్రం
ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.