డెబ్బై కాడ

డెబ్బై కాడ ఆగిపోయింది.
ఇటు ఇరవై నాలుగుకు రాదు, అటు నూట ఇరవైకి పోదు.
రింగు తిప్పితే లోపల
తిరుగట్ల రాయి పడ్డట్టు కర్రుమంటది.

బల్లార్షా టేషను బయట, చాయ్ హోటలు మెట్ల కింద
ఆడెపు ఓదెలు దుకాణం.
బోర్డు మీద మరాఠీల ఇంకా గడియారాలే ఉన్నయి.
"యాడన్న పడ్డదా?"
పడలేదన్న.
"అందరు గట్లనే అంటరు" అని
చెవి కాడ పెట్టుకొని మెల్లగ ఊపిండు,
కొబ్బరికాయ కొనేటోని లెక్క.
నీళ్లున్నయో లేవో చెప్పలె.

ముందుగాల మౌంటు దిక్కు నాలుగు స్క్రూలు.
మూడు వచ్చినయి. నాలుగోది తల అరిగింది.
దాని మీద రబ్బరు బ్యాండు ముక్క పెట్టి
ఊపిరి బిగవట్టి
పావు చుట్టు.
గప్పుడే జీటీ వచ్చింది. బల్లంత వణికింది.
"థాంబా" అన్నడు, నాతోనో రైలుతోనో.
బండి పొయ్యేదాక ఇద్దరం చేతులెత్తి కూసున్నం.

పాత క్యాలెండరు కాయితం మీద స్క్రూలు పేరుస్తడు,
తారీఖుకొకటి.
పదకొండు దాక నిండింది.
పట్టీ లాంటి కేబులును చిమ్టాతోని పక్కకు జరిపి
"ఇది తెగితె నన్ను తిట్టద్దు" అన్నడు.
తెగలె.

గొట్టంలకెల్లి గొట్టం లాగితే
వంకర తిరిగిన గాడి.
అండ్ల నడువాల్సిన మూడు నైలాను బుడిపెలల్ల
ఒకటి పగిలింది.
గాడి నిండ దుమ్ము.

బొగ్గు ఊరు మాది. ముక్కు చీదితే నలుపే.
కుంచెతోని ఊడ్చి కాయితం మీద పోసినంక
భూతద్దం కంటికి పెట్టుకొని అడిగిండు:
"నలుపు సరే. గీ ఎరుపు యాడిది?"

చెప్పాలంటే వార్ధా అవుతలికి పోవాలె.
గని కోసం ఖాళీ చేయించిన వాడ,
పంచనామా ఫోటోలకు నేను.
ఇంటికి మూడు: మనిషి, గోడ, సర్వే నంబరు.
కొమురుబాయి ఎర్రమన్ను అలికి నాలుగు దినాలే అయింది.
"కూలగొట్టే ఇంటికి అలుకుడేంది?"
మడత కుర్చీల కూసున్న సారు అడిగిండు.
"ఫోటోల పడాలె గదా" అన్నది.

జూమ్ పొద్దుగాల్నే సగం పట్టేసింది.
దగ్గరికి గుంజే దిక్కు లేక
కాళ్లతోనే దగ్గరికి పోయిన.
గోడ ఒరిగినప్పుడు
ఇరవై అడుగులల్ల ఉన్న.

ఓదెలుకు ఇదంత చెప్పలె.
"ఇటుక దుమ్మేమో" అన్న.
ఆయన గూడ మల్ల అడుగలె.

సిరా అయిపోయిన పెన్ను రీఫిలు చిన్న తునక కోసి
బొటనగోరు మీద పెట్టి ఆకురాయితోని రుద్ది
బుడిపె జాగల తొడిగిండు.
పదకొండు నుంచి ఒకటి దాక ఎనుకకు.
తొమ్మిదో తారీఖు స్క్రూ మిగిలింది.
యాడిదో ఇద్దరికీ తెల్వలె.

రింగు తిప్పిన.
ప్లాట్‌ఫారం కొసకు నీళ్ల ట్యాంకు,
ట్యాంకు మీద మైనా,
మైనా ముక్కుల గడ్డిపోచ.
మల్ల ఎనుకకు. ట్యాంకు, టేషను, మొగులు.
కిందికి వంచితే మాత్రం గొట్టం తనంతట తనే జారుతది.
"ఏలు పెట్టి పట్టుకో. ఇగ అది గంతే."

మూడు వందల యాభై.
చిల్లరతోని పాటు ఒక పొట్లం చేతుల పెట్టిండు,
అండ్ల మిగిలిన స్క్రూ, ఊడ్చిన దుమ్ము.
"గిరాకి సొమ్ము గిరాకికే పోవాలె.
మా నాయిన మగ్గం కాడ పోగు ముక్క గూడ దాసుకోలె."

రాజురా బస్సుల కిటికి పక్కకు కూసున్న.
లెన్సు జారకుంట ఒక ఏలు,
అంగీ జేబు మీద ఇంకో చెయ్యి.