మిరపకాయ లోపల

స్టేడియం మెట్ల కింద కొత్తగా అద్దాల గది.
కప్పులు, కెప్టెన్ల ఫోటోలు, ఎవరిదో చిరిగిన బూటు.
"మన మిరపకాయకీ ఓ అర ఇద్దాం" అన్నాను కమిటీలో.
నవ్వారు. టీ వచ్చింది. అంతే.

పగలంతా గుంటూరు యార్డులో టిక్కీలు మోసి
దగ్గుకుంటూ వస్తాడు నాగుల్ మీరా.
సాయంత్రం తనే మిరపకాయ:
ఎర్ర స్పాంజి, పచ్చ తొడిమ,
లోపల లుంగీ, తడి తువ్వాలు.
మనవాళ్లు ఓడుతున్న రోజే
ఎక్కువ గెంతుతాడు.

అద్దాల గది మాటెత్తితే
తొడిమ ఊడదీసి చెమట పిండుకున్నాడు.
"అయ్యన్నీ ఎందుకు సార్,
కళ్లకాడ చిల్లు కాస్త పెద్దది చేయించండి.
పన్నెండేళ్ల నించీ
ఒక్క కూతా పూర్తిగా చూళ్ళేదు.
గెలిచామో లేదో
అరుపుని బట్టే తెలుసుద్ది."

రాత్రి కొట్టుగదిలో
కత్తెర పట్టుకుని నేనే కూర్చున్నా.
ఉత్త స్పాంజే.
కోస్తుంటే కళ్లు మండాయి.