తోడు

సీసా మీద లేబుల్ రాయాలి.
"రోగి టి-కణాలు మూడు రోజులు నానిన ద్రవం" అని రాయడానికి
చోటు చాలదు. నేను "తో" అని రాస్తాను.
ఏమిటా గుండ్రటి బొమ్మ అని డాక్టర్ హెబ్డన్ ఒకసారి అడిగింది.
మా భాషలో తోడు, అన్నాను.
పాలలో వేసే చెంచాడు పాత పెరుగు.
ఆమె తల ఊపి, నోట్‌బుక్‌లో మాత్రం ఇంగ్లీషే రాయమంది.

మాంచెస్టర్, తొంభై ఒకటి, ఫిబ్రవరి.
ఆక్స్‌ఫర్డ్ రోడ్డంతా మంచు కరిగిన బురద.
ఇంక్యుబేటర్‌లో ముప్ఫై ఏడు డిగ్రీలు,
ఎవరి ఒంట్లోనైనా ఉండే వేడి.

రాయ్ హాల్‌వర్త్ ఎడమ మడమ మీది ఊదారంగు మచ్చ నుంచి
కందిగింజంత ముక్క వచ్చింది సోమవారం.
తరిగి, కడిగి, పళ్లేల్లో పరిచాను.
ఉత్త ద్రవంలో వేసినవి గురువారానికి ముడుచుకుపోయాయి.
తోడు వేసినవి లేచాయి,
నడుము లావుగా, రెండు కొసలా మొన తేలి
కదుళ్లలాగా,
అన్నీ ఒకే వైపు వాలి.

వాటికి కావలసింది తిండి ఒక్కటే కాదు.
ఒక మాట.
పెరుగు, అని ఎవరో అనాలి.
ఒళ్లు ఎప్పుడూ అనే మాటే అది,
మోకాలు చెక్కుకున్న పిల్లాడి తోలుతో,
విరిగిన ఎముకతో, కడుపులో బిడ్డ వేళ్లతో.
పని అవగానే ఊరుకుంటుంది.
ఇక్కడ వైరస్ దూరిన కణాలు ఊరుకోలేదు.
లేని గాయం గురించి
రాత్రింబవళ్లు కబురు పంపుతూనే ఉన్నాయి.
కదుళ్లు నమ్మాయి.

ఏడో వారం తోడు ఆపి చూశాను.
రెండు సీసాల్లో ఆగలేదు.
తామే అనుకుని, తామే విని,
పెరుగు, పెరుగు.
ఎలుక తోలు కింద గుచ్చితే ఎర్రగా లేచింది మచ్చ.
కోసి చూస్తే రక్తనాళాలన్నీ ఎలుకవే!
రాయ్‌వి ఊరికే చెప్పాయి. ఎలుక ఒళ్లు వింది.
దీన్ని రిపోర్టులో ఎలా రాయాలో
నాకు మధ్యాహ్నం దాకా తోచలేదు.

ఏప్రిల్లో సిరిల్ వచ్చాడు,
మాన్సల్ ఆస్పత్రి నుంచి నేరుగా,
చేతిలో ఇంకొకరి కళ్లజోడు.
చూడొచ్చా, అన్నాడు.
రూలు ఒప్పుకోదు. స్టూలు జరిపాను.
ముందు తన కళ్లతో చూశాడు.
తర్వాత ఆ కళ్లజోడు పెట్టుకుని చూశాడు.
"వాళ్ల అమ్మమ్మ ఓల్డమ్ మిల్లులో
ఇలాంటివే తిప్పేది, నలభై ఏళ్లు."
కాసేపటికి,
"ఏం తిని బతుకుతున్నాయి?"
వాటితో అవే మాట్లాడుకుంటాయి, అన్నాను.
సిరిల్ నవ్వాడు. నవ్వు ముక్కులోకి పోయి దగ్గాడు.
"ఎనభై మూడో నంబరు బస్సు నడిపినన్నాళ్లూ అంతే వాడు.
ప్రతి స్టాపు దగ్గరా తనలో తనే ఏదో గొణిగేవాడు.
నేను వెనక సీట్లో కూర్చుని
మొత్తం వినేవాణ్ణి."

అతను కోటు వేసుకుంటుంటే
ఇప్పుడు నీకెవరు తోడని అడగబోయాను.
ఇంగ్లీషులో ఆ మాట సమయానికి దొరకలేదు.
లిఫ్టు దాకా వెళ్లి మీట నొక్కాను.

తిరిగొచ్చేసరికి ద్రవం మార్చాల్సిన వేళ దాటింది.
లెన్సు మీద అతని ఊపిరి తడి.
తుడవడానికి తీసిన కాగితం
చేతిలోనే ఉంది.