మోకాళ్ళ లెక్క

ఐమౌత్ బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించేది నేనే.
పదకొండేళ్ళుగా అదే పసుపు కోటు,
అదే కర్ర, కర్ర చివర అదే గుండ్రటి పలక.
మఫ్లర్ల వెనక మొహాలెక్కడ కనపడతాయి గనక?
చలికాలం నేను పిల్లల్ని మోకాళ్ళతో గుర్తుపడతాను.

చిన్న తరగతుల మగపిల్లలకి బూడిదరంగు నిక్కరు.
ప్యాంటు వేసుకోవచ్చు, వేసుకోకపోయినా ఎవరూ ఏమీ అనరు.
ఫిబ్రవరిలో సముద్రం మీది గాలి
ఉప్పునీ చేపల వాసననీ మంచురవ్వనీ కలిపి తెచ్చి
సరిగ్గా నిక్కరుకీ మేజోడుకీ మధ్య
ఆ జానెడు జాగాలోనే కొడుతుంది.

చలి నెలల్లో నిక్కర్లు మాన్పించాలా అని మీటింగు పెట్టారు.
"మేమంతా అలా పెరిగినవాళ్ళమే" అన్నాడు హెడ్మాస్టరు డాల్గ్లీష్,
తన మోకాళ్ళు టేబులు కింద పెట్టుకుని.
చర్మం పగులుతోందంది నర్సు.
ఇప్పుడు రాటుదేలకపోతే రేపు పడవలెక్కలేరన్నాడో తాత.
పడవలేవి తాతా, అన్నారెవరో వెనకనించి.
జలుబుకీ నిక్కరుకీ ముడేమిటి,
మోకాలికీ బోడిగుండుకీ ముడేసినట్టు, అని తాత లేచాడు.
దీపం కింద ఆయన గుండు ధగధగ మెరిసింది.
అందరూ నవ్వారు.
నన్నెవరూ అడగలేదు.
అడిగినా చెప్పేదాన్ని కాదేమో.

మర్డోకి ప్యాంటంటే గిట్టదు.
కాళ్ళకి ఊపిరాడదంటాడు.
వాళ్ళమ్మ ఐల్సా రోజూ తొడిగి, బొత్తాం పెట్టి, మలుపు దాకా పంపుతుంది.
మలుపు తిరగ్గానే బస్ షెల్టరు వెనక్కి దూరతాడు.
బయటికొచ్చేసరికి నిక్కరు.
ఇంటినించే లోపల వేసుకొస్తాడు, దొంగ!

లోర్న్ సంగతి వేరు.
ఎడమ మోకాలి మీద బఠాణీ గింజంత మచ్చ.
చలికి ఆ కాళ్ళు ముందు ఎర్రబడతాయి,
తర్వాత చారలు కడతాయి,
గంట కొట్టేవేళకి కమిలిన నీలం.
"భలే గట్టి పిల్లాడు" అంటారు గేటు దగ్గర.
నేనూ అన్నాను.
మడమల దాకా కోటు వేసుకుని మరీ అన్నాను.
వాడు పెదాలు బిగించి నవ్వేవాడు.
గట్టిదనమూ లేదు ఏమీ లేదు.
ప్యాంటు లేదు, అంతే.

మీటింగయిన మర్నాడు షెల్టరు వెనక్కి ఇద్దరు దూరారు.
మర్డో నిక్కరుతో వచ్చాడు.
లోర్న్ ప్యాంటుతో వచ్చాడు, చీలమండకి బెత్తెడు పైన.
సాయంత్రం మళ్ళీ తారుమారు.
ఇద్దరూ నాకేసి చూడకుండా రోడ్డు దాటారు.
పెద్దవాళ్ళు రెండు గంటలు తేల్చలేనిది
మోకాల్లో మెదడుందని మేం తిట్టే వెధవలు
జిప్పు లాగినంతలో తేల్చేశారు.
నేను పలక కొంచెం ఎత్తి పట్టుకున్నాను.

గురువారం మర్డో తిండి డబ్బా మర్చిపోయాడు.
ఐల్సా వెనకాలే పరిగెత్తుకొచ్చింది.
ఎదురుగా లోర్న్.
వాడి మోకాలి మీద, తను కుట్టిన ఎర్రచేప.
చేపని చూసింది.
కిందికి, చీలమండల్ని చూసింది.
నన్ను చూసింది.
నేను కార్లని చూశాను.
డబ్బా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

శుక్రవారం ఆ ప్యాంటు అంచు విప్పి ఉంది.
పాత మడత ఉన్నచోట ముదురు గీత.
మర్డోకి మడమల కింద ఈడుస్తోంది;
రెండు చేతులా ఎత్తిపట్టుకుని షెల్టరు దాకా నడిచాడు,
వాగు దాటే ముసలమ్మలా.
ఎందుకిలా అయిందని వాళ్ళమ్మని అడిగాడో లేదో.
లోర్న్ కి మాత్రం సరిగ్గా బూటు మీద వాలింది.

తీర్మానం వాయిదా పడింది.
మార్చి ఆఖర్లో మళ్ళీ కూర్చుంటారట,
అప్పటికి కాస్త ఎండొస్తుంది.

ఈ ఏడు నా మోకాళ్ళే సలుపుతున్నాయి.
ఉన్ని పట్టీలు కట్టుకోమన్నాడు డాక్టరు.
కట్టుకున్నాను.
కోటు కిందే కదా, ఎవరికీ కనపడవు.