పుబ్బలో వసంతం

మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు అంటే
ఉత్త సామెతే అనుకున్నాను ఇన్నాళ్ళూ.
బాలరాట్‌లో మా వంటింటి కిటికీ గట్టు మీద
సరిగ్గా మఖలోనే పుట్టాయి ఆరు టమాటా మొలకలు.
ఎండ బాగుంది కదాని పుబ్బలో ఒక సాయంత్రం
బయట పెట్టి, మరిచిపోయి, డ్యూటీకి పోయాను.
తెల్లారి వచ్చేసరికి
ఉడికిన తోటకూరలా వాలి ఉన్నాయి ఆరూ.

పక్కింటి లోర్నా కంచె మీద మోచేతులాన్చి చూసింది.
నవ్వలేదు పాపం, ఆపుకుంది.
"గుర్రప్పందేల మంగళవారం దాకా ఆగాలి, పద్మినీ."
నవంబరులో, మెల్‌బోర్న్‌లో గుర్రాలు పరిగెత్తాకే
ఇక్కడ టమాటా నేలలో దిగుతుందట.
వాళ్ళ తాత మాట. గనిలో పని చేసిన తాత.
నేను వేళ్ళ కణుపుల మీద లెక్కేశాను:
పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త, స్వాతి.
అయితే ఇది గుర్రం కార్తె.
మన పంచాంగంలో లేదు, పక్కన రాసుకోవాలి.

ఒకటో తారీఖున వసంతం మొదలని రేడియో చెప్పింది.
ఆ రోజు వడగళ్ళు.
ఎనిమిదిన ఎండ. తొమ్మిదిన మళ్ళీ స్వెట్టర్.
సెలవు తీసుకుని వెళ్ళిపోయి
మరిచిన గొడుగు కోసం తిరిగొచ్చిన చుట్టంలా
గుమ్మంలోనే నిలబడి మాట్లాడుతుంది ఈ వసంతం,
లోపలికి రాదు.

దాన్ని ముందు పసిగట్టింది నా ముక్కు.
వీధి చివర వాటిల్ చెట్టు, మన తుమ్మకు మేనత్త కూతురు,
ఒళ్ళంతా పసుపు గుండీలు కుట్టుకుంది.
వరసగా పదకొండు తుమ్ములు.
తుమ్మ కదా మరి.
ఆ చెట్టు మీదే గూడు కాస్తున్న మాగ్‌పై
కనబడ్డ తలనల్లా పొడుస్తోంది.
మా ఇందుజ హెల్మెట్ నిండా ప్లాస్టిక్ ముళ్ళు కట్టుకుని
ముళ్ళపందిలా బడికి సైకిల్ తొక్కుతోంది.

పెరటి మట్టిని నమ్మొద్దన్నారు.
ఎప్పుడో బంగారం కోసం భూమి కడుపు తిరగేసి
లోపలి విషం పైన పోసి పోయారట.
చెక్కపెట్టె కొట్టించి కొన్న మట్టి నింపాను.
పన్నెండు సంచులు. మట్టికి బిల్లు!
నవ్వొచ్చినప్పుడు చూసుకోవడానికి దాచాను.

ఉత్తర చూసి ఎత్తర గంప అంటారు.
ఇంత దూరం ఎత్తుకొచ్చిన గంపను
ఇంకెక్కడికని ఎత్తడం?
దించేసి, లోర్నా ఇచ్చిన బఠానీలు నానేశాను.

రాత్రంతా నేను బంగాళాదుంపల మధ్య ఉంటాను.
కడిగిన దుంపలు బెల్టు మీద నడిచొస్తుంటే
కన్ను లేచిన వాటిని ఏరి పారేయడం నా ఉద్యోగం.
చలికాలమంతా చేతికి పెద్దగా పని లేదు.
ఈ నెల మాత్రం తొట్టి నిండిపోతోంది.
గిడ్డంగిలో చీకటి, ఒకటే చలి,
కిటికీ అన్నది లేదు.
మరి వాటికెవరు చెప్పారు?
ఏ రేడియో విన్నాయి?

మొన్న ఒకదాన్ని కోటు జేబులో వేసుకొచ్చాను.
దొంగతనమే.
బస్సులో కూర్చుని బొటనవేలితో తడుముతుంటే
దాని మొలక, పాలపన్నంత,
ఎక్కడ విరుగుతుందోనని చెయ్యి తీసేశాను.
పెట్టెలో ఒక మూల జానెడు లోతున పాతాను,
కన్ను పైకి ఉండేలా.

ఇవాళ పొద్దున, ఇంకా బూట్లు విప్పకుండానే,
మట్టిలో వేలు పెట్టి చూశాను.
పైన ఐసులా ఉంది. కణుపు లోతున
కాస్త నయం.
వేలి కొసకి ఏదో తగిలింది.
మొలకో, గులకరాయో.

తవ్వి చూడలేదు.