ఆఖరి ఫ్రేము

ఆకివీడు అవతల, రొయ్యల చెరువు గట్టు.
రాత్రి రెండు.
మేత బస్తాకి ఆనించిన ఫోన్లో
ఏదో చలిదేశపు పచ్చబల్ల, ఆఖరి ఫ్రేము.

"గులాబీ కొట్టేత్తాడండి," కరీముల్లా.
"కొట్టడు. దాత్తాడు."
భీమవరం క్లబ్బులో పదకొండేళ్ళు మార్కరు చేసిన యేసుపాదం.
అన్నట్టే తెల్లబంతి నలుపు వెనక నక్కింది.
తువ్వాలుతో మొహం తుడుచుకున్నది అవతలి ఆటగాడు కాదు,
యేసుపాదం.
"రెండంచులు తగిలి రావాలండి... అదుగో, వంగాడు..."

ఠపీమని ఏరియేటర్లు ఆగిపోయాయి.
కరెంటు.
జనరేటరు దాకా ముగ్గురం పరుగు,
హ్యాండిలు, నాలుగు తిప్పులు, పొగ,
మళ్ళీ నీటి చప్పుడు.

వచ్చేసరికి ఇద్దరూ చేతులు కలుపుతున్నారు.
స్కోరు చూపించకుండానే ప్రకటన.
"ముందు చెయ్యి చాపినోడు ఓడినట్టండి."
"ముందెవడు చాపాడు?"

యేసుపాదం చెరువు మీదకి టార్చి తిప్పాడు.
రొయ్య తేలలేదు, ఇంకా.