మూడో సీసా

గుడివాడ హోమియో సీసాలు మూడు.
తెల్ల మూతలు, మూతల మీద బాల్‌పెన్నుతో తేదీలు.
మా చిన్నాన్న కొడుకు ఏసుపాదం
తీర రక్షక ఓడలో వంటమనిషి.
అండమాను అవతల, మనుషులుండని దీవి పక్కగా
ఓడ తిరిగినప్పుడల్లా
డెక్కు మీద రాలిన దుమ్మును
గరిటె కాడతో గీరి దాచాడు.
"మీ మిషన్లో పెట్టి చూడక్కా, ఊరికే" అన్నాడు.

మా మిషన్ సిమెంటు చూడ్డానికి.
నల్లపాడు రోడ్డులో, రెండో అంతస్తులో,
పల్నాటి సున్నపురాయి ఏ లారీది ఏ గనిదో
తగువు తేల్చడానికి.
ఆదివారం సుభానీ తాళం తీశాడు.
కస్తూరి మేడంకి చెప్పొద్దని నన్ను అడిగాడు.
నేనూ అదే అడిగాను అతన్ని.

బూడిద అంటాం గానీ
ఇందులో కాలిందేమీ లేదు.
కట్టె లేదు, పిడక లేదు.
దీంతో తోమితే గిన్నె గీతలు పడుతుంది.
ఇది గాజు.
కరిగిన రాయి గోలీసోడాలా నురగెత్తి
గాల్లో పగిలి
పగులుతూనే గడ్డకట్టిన గాజు.
నివురు గప్పిన నిప్పు అన్నారు పెద్దలు.
వాళ్ళు పొయ్యిని చూసి అన్నారు.
ఇక్కడ నివురే నిప్పు,
ఎక్కణ్ణుంచి వచ్చిందో మర్చిపోయేందుకు
తీరిక దొరకని నిప్పు.

మిర్చి యార్డులో కొట్టు వెంకటప్పయ్య
టిక్కీలోంచి ఒక్క కాయ లాగుతాడు.
తొడిమ విరిచి, గింజ కొరికి,
దగ్గకుండా చెబుతాడు:
ఆఖరి తడి ఆలస్యం, కళ్ళంలో మంచు పడింది.
చేను చూడడు. ఎందుకు చూడాలి?

అగేటు కల్వంలో నూరి, బిళ్ళ చేసి, పెట్టాను.

మొదటి సీసా: సిలికా ఎక్కువ, మెగ్నీషియం తక్కువ.
అంటే అడుగున అది చాలాకాలంగా కదల్లేదు.
కదలనిది పేరుకుంటుంది.
బరువైన పలుకులు ముందు కట్టి, కిందికి దిగి
మెగ్నీషియం తమతో పట్టుకుపోతాయి.
మిగిలింది చిక్కబడుతుంది, జిగటవుతుంది,
బుడగల్ని బయటికి పోనివ్వదు.
రెండో సీసాదీ అదే మాట, కాస్త గట్టిగా.

మూడోదానికి మెగ్నీషియం లేచింది.

"కల్వం కడగలేదా?" అన్నాడు సుభానీ.
కడిగాను. ఆసిడ్‌తో మళ్ళీ కడిగాను.
మళ్ళీ నూరాను. కరెంటు పోయింది, వచ్చింది.
అంకె మారలేదు.

క్లింకర్ చూసే మైక్రోస్కోపు కింద
ఒక ఫెల్డ్‌స్పార్ పలుకు, నువ్వుగింజలో పదో వంతు.
లోపల పొరలు, ఉల్లిపాయలా నెమ్మదిగా.
ఆ తర్వాత ఒక చోట అంచు
ఎలక కొరికినట్టుంది.
కింది నుంచి కొత్త వేడి వచ్చి తిన్న చోటు అది.
దాని మీద మళ్ళీ పెరిగిన పొర
వెంట్రుక కన్నా పలచన.
అంతే గడువు దొరికింది దానికి, పేలేలోపు.
పలుకు కడుపులో చిక్కుకున్న గాజు చుక్క,
చుక్కలో బుడగ.
అందులో ఏముందో మా మిషన్‌కి అందదు.

రిపోర్టు ఫారం తీశాను, అలవాటు కొద్దీ.
శాంపిల్ ఇచ్చినవారు: ఏసుపాదం, వంట.
గ్రేడు: వర్తించదు.
వ్యాఖ్యలు: కింద ఎవరో వచ్చారు.
కొట్టేసి రాశాను:
లోతు నుంచి కొత్త మాగ్మా చేరిన సూచన.
మొదటిదే బాగుందన్నాడు సుభానీ.
ఎవరికి పంపాలి?
దీవిలో మేకలున్నాయట.

రాత్రి ఫోన్లో చెప్పాను, లోతు సంగతి,
కొత్తగా వచ్చినదాని సంగతి.
ఏసుపాదం చాలాసేపు మాట్లాడలేదు.
వెనక గిన్నెల చప్పుడు.
"మూడో సీసా తేదీ చెప్పక్కా."
చెప్పాను.
"ఆ పూటే పప్పుచారులో కరకరలాడిందని
ఓడంతా నన్ను తిట్టింది.
బియ్యం ఏరలేదన్నారు. ఇసుకన్నారు."

ఇసుక కాదురా, అన్నాను.